ఆరు నిమిషాలని రాసిన గోడ

చుట్టు 118

పరీక్షల రిజిస్టర్‌లో అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదని మా ఊళ్ళో నియమం. ఎన్ని చుట్లు అయ్యాయి, దిమ్మె ఎంత బరువు తగ్గింది, ఎక్కడ పెచ్చు ఊడింది, అంతే. అది ఊరందరి పుస్తకం, ఎవరైనా వచ్చి తిరగేయవచ్చు. నాకేమో నోరు ఊరుకోదు. అందుకే ఈ సొంత నోటుపుస్తకం.

చుట్టు అంటే కాంక్రీటు దిమ్మెను నీళ్ళలో నానబెట్టి, చలిపెట్టెలో గడ్డకట్టించి, మళ్ళీ కరగబెట్టడం. రోజుకు రెండు చుట్లు నడుస్తాయి. ఇప్పుడు ఎండ నెల కాబట్టి ఈ తిప్పలు. ఇంకో రెండు నెలలాగితే ఆ పని ఆకాశమే చేసిపెడుతుంది. ఈ పొద్దున కూడా బిందెలో నీళ్ళ మీద పలచటి రేకు కట్టింది, చెంబుతో కొట్టి ముఖం కడుక్కున్నాను.

వట్టి కాంక్రీటు దిమ్మెలు అరవై చుట్లు దాటలేదు, చేతిలో పట్టుకుంటే అంచులు రాలిపోయాయి. ఇసుకలో పదో వంతు తీసి రబ్బరు పొడి కలిపినవి మాత్రం నూట పద్దెనిమిదో చుట్టులోనూ అలాగే కూర్చున్నాయి. నీళ్ళు గడ్డకడితే ఒళ్ళు చేస్తాయి. కాంక్రీటు మొండిది, జరగదు, పగులుతుంది. మధ్యలో రబ్బరు పలుకులుంటే అవి నొక్కుకుని ఇంత చోటిస్తాయి. రద్దీ బస్సులో సర్దుకుని కూర్చునే మనుషుల్లాగన్నమాట. నేనెప్పుడూ బస్సు ఎక్కలేదు, ఈ పోలిక లస్మన్న కాకది.

లస్మన్న కాకకు డెబ్బై ఒకటి. చలి రాకముందు పాత హైవే పక్కన ఆయనకు పంక్చర్ల కొట్టు ఉండేదట. ఇప్పుడు అదే హైవే పక్కన టైర్ల గుట్ట తవ్వి, రబ్బరు తురిమి, బూడిద నీళ్ళలో మూడుసార్లు కడిగి నాకు తెచ్చిస్తాడు. కడగకపోతే రబ్బరుకు జిడ్డు పోదు, సిమెంటు దాన్ని పట్టుకోదు. ఆ బూడిద నీళ్ళకు ఆయన వేళ్ళ గీతలు కూడా అరిగిపోయాయి. ఇవాళ ఒక ముక్క నా ముక్కు దగ్గర పెట్టి, "ఇది లారీది బిడ్డా. స్కూటర్ది గింత మందం వాసన రాదు" అన్నాడు. నాకు రెండూ ఒకటే వాసన. తల ఊపాను.

చుట్టు 131

ఇవాళ తొట్టి గోడ పోశాము. ఊరంతటికీ నీళ్ళిచ్చే తొట్టి, నడుమెత్తు గోడ. నేను తేల్చిన పాళ్ళతో కట్టిన మొదటి పెద్ద పని. పొద్దుటి నుంచి కాళ్ళు నేల మీద ఆనలేదు. గౌరవానికి, పోసిన కాంక్రీటును కుదిపి సర్దే వైబ్రేటర్ కూడా నా చేతికే ఇచ్చారు.

గోడ పోసిన రోజున మా ఊళ్ళో 'అద్దం పట్టడం' ఉంటుంది. వైబ్రేటర్‌తో కుదుపుతూ ఉంటే కాంక్రీటు పైకి నీరు ఉబుకుతుంది. ఊరి పెద్ద వంగి చూసి అందులో తన ముఖం కనబడితే "పట్టింది" అంటుంది. అప్పుడు వైబ్రేటర్ ఆపాలి, బెల్లం పంచాలి. ఇది వట్టి కాంక్రీటు రోజుల నాటి అలవాటు. రబ్బరు కలిపినదాన్ని ఆరు నిమిషాలకు మించి కుదపకూడదు. రబ్బరు తేలిక కదా, పైకి లేస్తుంది. ఈ సంగతి ఊళ్ళో తెలిసినది నాకొక్కదానికే.

మా ఊరి పెద్ద గంగుబాయవ్వ. ఆమె కళ్ళకు పొర కమ్మి రెండేళ్ళయింది. ఈ సంగతి మాత్రం ఊరందరికీ తెలుసు, ఆమె ముందర ఎవరూ అనరు. ఆరు నిమిషాలకే నీరు ఉబికింది. అవ్వ వంగింది. వంగి చాలాసేపు చూసింది.

"ఇంకా పట్టలే" అంది.

మళ్ళీ కుదిపాను. మళ్ళీ వంగింది. "ఏదీ? ఇంకా పట్టలే." వెనక జనం కిసుక్కున నవ్వి దగ్గులోకి దింపుకుంటున్నారు. నాకూ నవ్వొచ్చింది. ఎదురుగా నిలబడ్డ మనిషినే గొంతు విని పోల్చే అవ్వకు ఆ నీటిలో ఏం కనబడుతుంది? ఇరవై నిమిషాలకు నల్లటి పలుకులు తాలింపులో ఆవాల్లా పైకి తేలాయి. తాపీతో లోపలికి నొక్కాను. మళ్ళీ తేలాయి, మళ్ళీ నొక్కాను. చివరికి నేనే ఆమె మోచెయ్యి పట్టుకుని, "పట్టింది గద అవ్వా, సక్కగ సూడు" అన్నాను. "ఆఁ, పట్టింది పట్టింది" అంది. చప్పట్లు, బెల్లం. గడియారం చూస్తే నలభై నిమిషాలు.

రిజిస్టర్‌లో 'కుదిపిన సమయం' అని ఒక గడి ఉంది. నలభై అని రాస్తే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే అవ్వ కళ్ళ సంగతి నలుగురిలో పెట్టాలి. నా గోడ మొదటి రోజే మాట పడాలి. ఆరు అని రాశాను. ఒక్క అంకె కదా. నాలుగు నల్ల పలుకులు పైకి వస్తే కొంప మునగదు.

పొద్దున్నే ఇదే మిశ్రమంతో పరీక్ష దిమ్మెలు కూడా పోసి పెట్టుకున్నాను. వాటిని వైబ్రేటర్‌తో కాదు, కడ్డీతో చేత్తోనే కూరాను. చక్కగా వచ్చాయి.

చుట్టు 204

చలి దిగింది. రాత్రి సున్నాకి తొమ్మిది కింద, మధ్యాహ్నం కాస్త కరుగు. తొట్టిలో నీళ్ళు నింపారు. గోడను చూసి పోదామని రోజూ అటే నడుస్తున్నాను, కొత్త కోడలిని చూడ్డానికి వంకలు వెతుక్కునే అత్తలాగా. బాగానే ఉంది. అడుగున ఒకచోట తెల్లటి పొడి రాలినట్టుంది. ఉప్పు కావచ్చు.

చుట్టు 243

ఉప్పు కాదు.

పొద్దున నీళ్ళకు పోయినవాళ్ళు అరిచారు. గోడ కింది సగం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. మూరెడు మేర కంకర బయటపడి, దాని సందుల్లోంచి నీరు కారి, కారిన చోటే గడ్డకట్టింది. పై సగం నిక్షేపంలా ఉంది. నా గదిలో దిమ్మెలు కూడా నిక్షేపంలా ఉన్నాయి.

మధ్యాహ్నం పైపు గదిలో అందరినీ కూర్చోబెట్టారు. వేడి నీటి పైపు మొదలయ్యే గది అది, ఊరి మాటలన్నీ అక్కడే జరుగుతాయి. గంగుబాయవ్వ నన్నే అడిగింది.

"యమునా, నువ్వే సెప్పాలె. దిమ్మెలు మంచిగున్నయ్, గోడ పాడాయె. ఎందుకు?"

ఎందుకో నాకు తెలుసు. కనీసం అనుమానమైనా ఉంది. పై సగం బాగుండి కింది సగం పోయిందంటే ఇంకేముంటుంది? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి రిజిస్టర్ మీదికి పోయింది. అందరూ నన్నే చూస్తున్నారు. నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"రబ్బరు సరిగ కడగకపోతే సిమెంటు పట్టదు అవ్వా. గట్లయినా పెచ్చులూడుతది."

అబద్ధం కాదు. కడగకపోతే నిజంగానే అలా అవుతుంది. లస్మన్న కాక కడగలేదని నేను అనలేదు. కానీ గదిలో తలలన్నీ ఆయనవైపు తిరిగాయి, నేను తిప్పలేదన్నట్టు నేలచూపులు చూస్తూ కూర్చున్నాను. ఇది రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

ఎవరి పని వల్ల ఊరి గోడ చెడిపోతే వాళ్ళు పైపు వరుసలో ఇల్లు ఖాళీ చేసి చివరి వరుసకు పోవాలి. పైపు వరుసలో ఇళ్ళకు వెచ్చదనం అందుతుంది. చివరి వరుసకు అందదు. పోయిన చలికి చివరి వరుసలో ఇద్దరు ముసలివాళ్ళు తెల్లారి లేవలేదు. ఐదు రోజులు ఆలోచించి చెబుతామని అవ్వ అంది.

చుట్టు 246

అనుమానంగా ఉంటే పరీక్షించాలి, నా పనే అది. ఎవరూ లేనప్పుడు పోయి గోడ అంచున విరిగి వేలాడుతున్న నిలువు ముక్కను ఊడబెరుక్కుని వచ్చాను. రంపంతో నిలువునా కోశాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా కోశాను.

పైన నాలుగు వేళ్ళ మేర ఒకటే నలుపు, రబ్బరు మీద రబ్బరు. నడుమ అక్కడో పలుకు, ఇక్కడో పలుకు. కింద ఒక్కటీ లేదు. పైకి తేలిన ప్రతి పలుకూ శుభ్రంగా ఉంది, సిమెంటు దానికి అతుక్కుని గోటితో గీరినా రావడం లేదు. కాక కడిగాడు. మూడుసార్లూ కడిగాడు.

ఆ ముక్కను గోనెపట్టాలో చుట్టి మంచం కిందికి తోశాను. నలభై ఐదేళ్ళు వచ్చాయి నాకు. చిన్నప్పుడు పగిలిన పాలచెంబు కూడా ఇలా దాచలేదు.

రేపు చెబుతాను.

చుట్టు 248

చెప్పలేదు. ఇవాళ గాలి ఎక్కువగా ఉంది, జనం బయటికి రాలేదు. ఇదీ నేను నాకు చెప్పుకున్న కారణం.

చుట్టు 250

లస్మన్న కాక వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి టోపీ తీశాడు. నా గదికి వచ్చి ఆయన టోపీ తీయడం ఇదే మొదలు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. తిడితే బాగుండు అని కూడా అనుకున్నాను.

"బిడ్డా, ఒక్క మాట అడుగుత. నీ పుస్తకంల నేను రబ్బరు ఇచ్చిన రోజులు రాసుంటయ్ గద?"

"ఉంటయ్ కాకా."

"గోడకు ఇచ్చిన రబ్బరు ఎన్ని రోజులల్ల ఇచ్చిన?"

చూశాను. "పదకొండు రోజులల్ల."

ఆయన వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. "పదకొండు రోజులు. అండ్ల తొమ్మిది రోజులు నాకు యాదికున్నయ్. రెండు రోజులు యాదికొస్తలేవు. గా రెండు రోజులు కడిగిన్నో లేదో."

"కడిగే ఉంటవ్ కాకా" అన్నాను.

"ఏమో బిడ్డా. వయసు గద. మొన్న పొయ్యి మీద గిన్నె పెట్టి మర్చిపోయిన, రాజవ్వ తిట్టింది. నా యాది మీద నాకు నమ్మకం పోయింది. నీ పరీక్ష మీద ఉన్నది. నువ్వు కడగలేదన్నవంటె కడగనట్టే."

నేను అలా అనలేదని చెప్పాలి. చెప్పలేదు. ఆయన టోపీ పెట్టుకుని, "నా తోటి ఊరికి నీళ్ళు బందయినయ్" అని గొణుక్కుంటూ పోయాడు. మంచం కింద ముక్క, మంచం పక్కన ఆయన. మధ్యలో జానెడు దూరం. చెయ్యి పెట్టి లాగితే అయిపోయేది.

నేను ఇంత నీచురాలినని నాకు తెలియదు. తెలిసింది కాబట్టి రాస్తున్నాను. రాస్తే బరువు తగ్గుతుందంటారు గానీ తగ్గలేదు.

చుట్టు 252

తొట్టి ఖాళీ అయింది కాబట్టి అందరం వాగు దగ్గర మంచు పలకలు కొట్టి మోసుకొచ్చి కరగబెట్టుకుంటున్నాం. పలక మోస్తూ రాజవ్వ ఎదురైంది, లస్మన్న కాక భార్య. పలక కింద దించి నడుం పట్టుకుంది.

"కాక ఎట్లున్నడు పెద్దమ్మా?" అని అడిగాను. అడగడానికి నాకు సిగ్గుండాలి.

"ఎట్లుంటడు? బువ్వ తిన్నంక నేను తిన్ననా అని అడుగుతుండు. తలుపు పెట్టినంక పెట్టిన్నా అని లేచి సూస్తుండు. సేతులు వాసన సూసుకుంటనే ఉంటడు, బూడిద వాసన ఉన్నదా అని. నలభై ఏండ్ల సంది సూస్తున్న, గిసోంటి మనిషి కాడు." పలక మళ్ళీ ఎత్తుకుంది. "చివరి వరుసకు పోతే పోయినం బిడ్డా. రెండు దుప్పట్లు ఎక్కువ కప్పుకుంటం. గీ మనిషికి ఏమైతదో అదే నాకు బుగులు."

నేను ఆయన ఇల్లు పోతుందనే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. ఇల్లు ఒక్కటే కాదు పోతున్నది.

చుట్టు 253

ఐదు రోజులు అయ్యాయి. పైపు గది నిండింది. గోనెపట్టాలో చుట్టిన ముక్కను చంకలో పెట్టుకుని పోయాను. పెట్టుకుని వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. మొదట ఎవరైనా మాట్లాడితే తర్వాత మాట్లాడదామని.

మొదట మాట్లాడినవాడు లస్మన్న కాకే.

"నేనే కడగలే" అన్నాడు. "రెండు రోజులు కడగలే. మర్చిపోయిన. నాది తప్పు. ఎల్లుండి ఇల్లు ఖాళీ జేస్త."

యాదికొస్తలేదు అన్నవాడు రెండు రోజుల్లో మర్చిపోయానని ఒప్పేసుకున్నాడు. చెయ్యని తప్పు కళ్ళకు కట్టినట్టు ఆయనకు జ్ఞాపకం కూడా వచ్చేసి ఉంటుంది. ఇంకొక్క క్షణం నేను నోరు మూసుకుంటే అది నిజమైపోతుంది. ఊరికి, ఆయనకు, రిజిస్టర్‌కు కూడా.

"కాక కడిగిండు" అన్నాను. గట్టిగానే అన్నాను కానీ ఎవరూ తిరగలేదు. మళ్ళీ అన్నాను. ముందుకు నడిచి ముక్కను గంగుబాయవ్వ ఒళ్ళో పెట్టాను. కళ్ళు కనబడవు కదా, ఆమె వేళ్ళు పట్టుకుని పైనుంచి కిందికి తడిమించాను. పైన మెత్తగా, కింద గరుకుగా.

"మెత్తగ ఉన్నది రబ్బరు అవ్వా. కింద లేదు. అంత పైకి తేలింది. ఆరు నిమిషాలు కుదపాలె, నేను నలభై నిమిషాలు కుదిపిన. పుస్తకంల ఆరని రాసిన. తెలిసి రాసిన. ఈ ముక్క కోసి నాలుగు రోజులాయె, మంచం కింద దాచిన. కాకది ఏం తప్పు లేదు."

అవ్వ వేళ్ళు ముక్క మీదే ఉన్నాయి. "నలభై నిమిషాలు ఎందుకు కుదిపినవ్?"

ఇక్కడ కూడా నా నోరు తడబడింది. "నీకు కనబడలే అవ్వా. నీ కండ్లు..."

అవ్వ ముఖం నెమ్మదిగా ఎర్రబడింది.

"నాకు కండ్లు కనబడవని నాకు తెల్వదా? మీకు తెలుసని నాకు తెల్వదు. పట్టింది అని ఒక్కరు ముందే నా చెవిల ఏస్తే అప్పుడే అందును గద. అందరు తమాషా సూసిన్రు." ముక్కను తడుముతూనే ఉంది. "నేను గుడ్డిదాన్నని దాచిన. నువ్వు గడియారం దాచినవ్. గా ముసలోడు మాత్రం లేని తప్పు కూడ దాచలే."

నేను లస్మన్న కాక వైపు చూశాను. సంతోషిస్తాడనుకున్నానా? ఏమో. ఆయన బల్ల మీద కూర్చుని తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. రాజవ్వ మాత్రం నన్ను చూస్తోంది. ఆ చూపు గురించి రాయను.

తీర్పు చిన్నది. నేను పైపు వరుస ఖాళీ చెయ్యాలి. పరీక్షల గది మాత్రం నా దగ్గరే ఉంటుంది, ఆ పని తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. "నీ లెక్కలే నమ్మాలె, మాకు గతి లేదు" అంది అవ్వ. చివరి వరుస కన్నా ఆ మాటే ఎక్కువ చలి పుట్టించింది.

చుట్టు 255

రిజిస్టర్‌లో ఆరు కొట్టేసి పక్కన నలభై అని రాసి సంతకం చేశాను. ఊళ్ళోవాళ్ళు ఇప్పుడు వచ్చి పాత పేజీలన్నీ తిరగేస్తున్నారు. ప్రతి అంకె దగ్గరా వేలు పెట్టి, "ఇది నిజమేనా?" అని అడుగుతున్నారు. పదహారేళ్ళ అంకెలు. అన్నీ నిజమే, ఆ ఒక్కటి తప్ప. ఓపిగ్గా చెబుతున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కడుగుతున్నాను.

చివరి వరుస ఇంట్లో గోడలకు లోపలి వైపు కూడా మంచు పడుతోంది. నిద్ర పట్టడం లేదు. దానికి కారణం చలి అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

చుట్టు 271

ఎండ నెల రాగానే గోడ మళ్ళీ పోయాలి. దానికి రబ్బరు ఇప్పటినుంచే కూడబెట్టాలి. లస్మన్న కాక మళ్ళీ కడుగుడు తొట్టి దగ్గర చేరాడు, ఆయన పని ఆయనకు ఇచ్చారు. తొమ్మిది రోజులుగా నాతో మాట్లాడలేదు. నేను దగ్గరికి పోవడానికి సాహసించలేదు.

ఇవాళ ఆయనే పిలిచాడు. కబురు కూడా కాదు, గది బయట నిలబడి, "బిడ్డా, జర రా" అన్నాడు. కాళ్ళలో చెప్పులు సరిగా ఎక్కించుకోకుండానే పోయాను. మన్నించాడనుకున్నాను. మనిషికి ఆశ చావదు కదా.

"ఈడ నిలబడి సూడు" అన్నాడు.

నిలబడ్డాను. ఆయన రబ్బరు తురుము తొట్టిలో పోసి, బూడిద నీళ్ళు పోసి, రెండు చేతులతో పిసికాడు. వంచాడు. మళ్ళీ పోశాడు, పిసికాడు, వంచాడు. మూడోసారి కూడా. నీళ్ళు తేటగా వచ్చాయి. ఎర్రబడిన చేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చబెట్టుకున్నాడు.

"ఎన్నిసార్లు అయింది?" అన్నాడు.

"మూడుసార్లు కాకా."

"నువ్వు సూసినవ్ గద?"

"సూసిన."

"నాకు రెండే యాదికున్నయ్."

"మూడు కాకా. నేను ఈడనే నిలబడి లెక్కపెట్టిన. నిజంగ మూడు."

ఆయన తల ఎత్తి నా ముఖంలోకి చూశాడు. ఈ తొమ్మిది రోజుల్లో ఆయన నన్ను సరిగా చూడటం అదే మొదటిసారి. కోపం లేదు. ఉంటే ఎంత బాగుండేదో. కాసేపు అలాగే చూసి, తురుమునంతా మళ్ళీ తొట్టిలోకి వంచి, నాలుగోసారి కడగడం మొదలుపెట్టాడు.